తడి బంతి

మా పెరటి బొగ్గుల కొట్టులో దూలానికి ఒక తోలు బంతి తాడుతో వేలాడుతూ ఉండేది. చూడ్డానికి మామూలు బంతే. కాకపోతే రాత్రంతా నీళ్ల తొట్టిలో నానేది. పొద్దున తీసి కట్టేసరికి చంటిపిల్లంత బరువు తేలేది. దాన్ని నుదుటితో కొట్టాలి. కళ్లు మూయకూడదు, మెడ వాల్చకూడదు, మా నాన్న చాలనేదాకా ఆగకూడదు. "దీన్ని కొట్టినోడికి శనివారం ఆటలో బంతి దూదిపింజ" అనేవాడు నాన్న. ఆయన అలా కొట్టే పేరు తెచ్చుకున్నాడు. ఫుట్‌బాల్ ఆడి జీతం పుచ్చుకోవడం కొత్తగా మొదలైన రోజుల్లో ఆయన రెడ్‌షా జట్టుకి సెంటర్ హాఫ్, నడిమధ్య నిలబడి అవతలివాళ్లని ఆపేవాడు. ఎంత ఎత్తున వచ్చిన బంతినైనా తలతో తిప్పికొట్టేవాడు. ఈనాక్ క్రాషా ఎవరో తెలియనివాళ్లకి కూడా 'క్రాషా తల' అంటే తెలుసు.

ఆ తల మమ్మల్ని విడిచి వెళ్లిపోయిన వసంతం గురించే నేను చెప్పేది.

ఆట మానేశాక నాన్న మా ఊరు క్లెగ్డన్ జట్టుకి మేనేజర్ అయ్యాడు. మైదానం మూలనున్న ఇల్లు జట్టుదే. ఉద్యోగం ఉన్నన్నాళ్లే ఇల్లు. ఆ ఏడు మంచు కరిగేసరికి జట్టు పట్టికలో అట్టడుగున ఉంది. అడుగున మిగిలిన జట్టు, వచ్చే ఏడు కూడా మమ్మల్ని లీగులో ఉండనివ్వండి బాబూ అని మిగతా జట్ల పెద్దల గడ్డం పట్టుకుని బతిమాలాలి. ఛైర్మన్ హిండిల్ గారికి అది తలవంపులు. ఊళ్లో సగం మగ్గాలు ఆయనవే, ఒకరిని బతిమాలడం ఆయనకి అలవాటు లేదు. "అడుగున మిగిలామా, నాకు కొత్త మేనేజర్ కావాలి" అని చర్చి మెట్ల మీద అందరి ముందూ అనేశాడు. మాకు ఇల్లుంటుందా, వీధిన పడతామా అన్నది ఇక పదకొండుమంది కుర్రాళ్ల కాళ్లలో ఉంది.

ఆ పదకొండుమందిలో ఒకడు సెత్ డక్‌వర్త్. బొగ్గుగనుల పల్లె నుంచి నాన్న ఏరి తెచ్చిన సెంటర్ హాఫ్. మా ఇంట్లోనే పై గదిలో ఉండేవాడు, మా అమ్మ చేతి కూడే తినేవాడు. నన్ను చేసుకుంటానని అప్పటికే నాన్నని అడిగాడు. సెప్టెంబరులో మిల్లులు వారం రోజులు మూసేస్తారు. మా ఊళ్లో పెళ్లిళ్లన్నీ ఆ వారమే. మాదీ అప్పుడే అనుకున్నాం.

మార్చి నెలలో ఒక పొద్దున నేను జావ చల్లారిపోతోందని కొట్టు దగ్గరికి వెళ్లాను. లోపల ధబ్, ధబ్ అని చప్పుడు.

"మెడ బిగించరా. నుదుటి మధ్యన తగలాలి. నడినెత్తిన తగిలిందో, బంతి మిగులుద్ది, నువ్వు మిగలవు" అంటున్నాడు నాన్న.

"నాన్నా, ఆ బంతిని చంపింది చాలు. తిండికి రండి" అన్నాను.

"బంతి చచ్చేట్టు లేదు సెలీనా. నేనే ముందు పోయేట్టున్నాను" అన్నాడు సెత్. నుదురంతా ఎర్రగా కందిపోయి ఉంది. బంతి కుట్లని బిగించే తోలు లేసు అచ్చు కూడా పడింది.

నాన్న నవ్వాడు. "నా కూతుర్ని చేసుకునేవాడికి తల గట్టిగా ఉండొద్దూ? దాని నోటి ముందు ఈ బంతెంత?" అని సెత్ భుజం తట్టి, "సరే జాబెజ్, రేపు ఇంకాస్త పెందలాడే రా" అని ఇంట్లోకి నడిచాడు.

సెత్ నా వైపు చూశాడు. "జాబెజ్ ఎవరు?"

జాబెజ్ రెడ్‌షాలో నాన్న పక్కన ఆడినవాడు. క్షయ వచ్చి పోయాడు, అప్పటికి నేను బడికి కూడా వెళ్లడం లేదు. "నాలుక తడబడింది, దానికే బెంబేలు పడకు" అన్నాను. అన్నానే గానీ నాకే నమ్మకం లేదు. ఎందుకంటే ఆ పేరు అలా నాన్న నోట్లోంచి రావడం అదే మొదటిసారి కాదు.

మేము నేతపనివాళ్లం, నేనూ మా అమ్మా. మిల్లు షెడ్డులో ఆ మరమగ్గాల మోతకి దేవుడు దిగొచ్చి చెవిలో అరిచినా వినబడదు. అందుకని అక్కడ ఆడవాళ్లు గొంతుతో మాట్లాడుకోరు, పెదవులతో మాట్లాడుకుంటారు. మాటని చప్పుడు లేకుండా సాగదీసి పలుకుతారు, అవతలివాళ్లు చూసి తెలుసుకుంటారు. నేను పదేళ్లప్పుడే నేర్చుకున్నాను. షెడ్డు ఈ చివర నుంచి ఆ చివర దాకా ఎవరి మొగుడు ఎవరిని కొట్టాడో, ఎవరికి నెల తప్పిందో మాకు అలాగే తెలిసేది. ఆ విద్య నాకు మంచి చేస్తుందనుకున్నాను గానీ ఇలాంటిది చూపిస్తుందనుకోలేదు.

ఆ శనివారం వాన. మిల్లు మధ్యాహ్నం మూసేయగానే శాలువాలు నెత్తిన కప్పుకుని నేనూ అమ్మా మైదానానికి వెళ్లి, ఎప్పటిలా కటకటాల దగ్గర నిలబడ్డాం. మా వరసంతా ఆడవాళ్లే, అందరూ నేతపనివాళ్లే. మా పక్కన కెజయా. ముగ్గురు పిల్లల్ని ఒంటిచేత్తో పెంచిన విధవ, నా పక్క మగ్గాలు ఆవిడవే. ఎదురుగా బెంచీ మీద నాన్న. బురదలో బంతి నానిపోయి, తన్నితే కదలడం లేదు.

మావాళ్ల మీద ఒక గోల్ పడింది. నాన్న లేచి నిలబడి అరిచాడు. జనం గోలలో మాట వినబడలేదు. నోరు మాత్రం కనబడింది.

'జాబెజ్, వెనక్కి రా! జాబెజ్!'

నేను అమ్మ వైపు చూశాను. అమ్మ మొహంలో నెత్తురుచుక్క లేదు. అప్పుడు నాకు ఇంకో సంగతి తట్టింది. కటకటాల పొడుగునా చూశాను. ఆ ఆడవాళ్లందరూ ఆట చూడటం లేదు. మా నాన్న నోటిని చూస్తున్నారు. నేను చూసేసరికి ఒకరి తరవాత ఒకరు తల దించుకుని తమ చెక్కబూట్లు చూసుకున్నారు.

"ఏమే డోర్కస్, అలా గుడ్లప్పగించి చూస్తావేం? బంతి అటుంది, అటు చూడు" అంది కెజయా మా అమ్మతో, పెద్దగా, అందరికీ వినబడేలా.

సోమవారం పొద్దున మగ్గం మీద వంగి ఉంటే కెజయా నా మోచేతిని తట్టింది. పెదవులతో ఒక్కో మాటా సాగదీసి చెప్పింది. 'మేమెవ్వరం ఏం చూళ్లేదు. మీ అమ్మతో చెప్పు.'

నోట్లో నువ్వుగింజ నానని ఆడవాళ్లని ఊళ్లో మమ్మల్ని వెక్కిరించేవారు. ఆ నువ్వుగింజని వాళ్లందరూ నోట్లోనే పెట్టుకుని కూర్చున్నారు. ఆ వసంతంలో నాకు దొరికిన మంచి అదొక్కటే.

అమ్మ నాన్నని వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లింది, కడుపునొప్పని చెప్పి. నేను కూడా వెళ్లాను. వైద్యుడు నాన్నని బయట కూర్చోబెట్టి మమ్మల్ని అడిగాడు.

"తాగుతాడా?"

"పదేళ్లప్పుడు ముట్టనని ఒట్టేసుకున్న మనిషండీ. ఇప్పటిదాకా తప్పలేదు" అంది అమ్మ.

"అయితే వయసు."

"నలభై అయిదండీ!"

"కొందరికి ముందే వస్తుంది" అని ఆయన కలం మూశాడు.

దారిలో నాన్న ముందు నడుస్తుంటే అమ్మ నా చెయ్యి పట్టుకుని ఆపింది. "ఆ బంతే" అంది. "దేవుడి మీద ఒట్టు, ఆ బంతే సెలీనా."

"అలా ఎవరూ అనరే అమ్మా. ఎంతమంది ఆడటం లేదు?"

"ఆడినవాళ్లు ఇప్పుడెలా ఉన్నారో వాళ్ల పెళ్లాల్నెవరైనా అడిగారా?"

నాకు మా ఇల్లే గుర్తొచ్చింది. నా చిన్నతనంలో శనివారం సాయంత్రమంటే చీకటీ, వెనిగర్ వాసనా. ఆట నుంచి నాన్న వచ్చేవాడు, కుర్చీలో కూలబడేవాడు. వెలుతురు గుచ్చుకుంటోంది, తెర లాగవే అనేవాడు. అమ్మ గోధుమరంగు కాగితం వెనిగర్‌లో ముంచి ఆయన నుదుటికి అంటించేది. బూట్లు విప్పి మేజోళ్లతో నడవమని నాకు సైగ చేసేది. ఆదివారం పొద్దునకి ఆయన మామూలు మనిషయ్యేవాడు. అన్ని ఇళ్లలోనూ శనివారం ఇలాగే ఉంటుందనుకునేదాన్ని.

సెత్‌కి సంగతంతా చెప్పాం, ఆ రోజు నుంచి మేం ముగ్గురం ఒక జట్టయ్యాం. జట్టులో ఎవరు ఆడాలన్నది మంగళవారం మంగళవారం జట్టు పెద్దలే కూర్చుని తేల్చేవారు కాబట్టి అక్కడ గండం లేదు. మిగతాదంతా సెత్ చూసుకునేవాడు. ఆటగాళ్లు బట్టలు మార్చుకునే గదిలో నాన్న పక్కనే నిలబడి, ఏ కుర్రాడైనా దగ్గరికొస్తే ముందే పేరు పెట్టి పలకరించేవాడు, నాన్నకి అందేలా. నాన్న ఆ పేరు పట్టుకుని మిగతాదంతా తానే చెప్పేవాడు. ఆట గురించి ఆయనకి మతిమరుపు లేదు. మనుషులూ, ఏళ్లూ కలిసిపోయాయి, అంతే.

అమ్మ మాత్రం సెత్‌ని ఒక రోజు నిలదీసింది. "ఆ కొట్టులోకి ఇక వెళ్లకురా నాయనా."

"వెళ్లకపోతే నేనెవణ్ణమ్మా?" అన్నాడు సెత్. "గనిలోకి పోవాల్సిందే. మా అయ్య నెత్తిన గనిలో బండ పడింది. బండకంటే బంతి మెత్తన కదా."

నవ్వుతూనే అన్నాడు. కొట్టులో ఉన్నంతసేపే నాన్న కుదురుగా ఉంటున్నాడని మా అందరికీ తెలుసు. అక్కడ ఆయన ఒక్క మాట కూడా తప్పేవాడు కాదు. అందుకని అమ్మ కూడా మళ్లీ అడగలేదు. ధబ్, ధబ్‌మని ఆ చప్పుడు మొదలైతే లేచి వెళ్లి పొయ్యి మీద గిన్నెలు గట్టిగా కదిపేది.

ఏప్రిల్‌లో మావాళ్లు రెండు ఆటలు గెలిచారు. చివరి శనివారం గెలిస్తే అడుగు నుంచి బయటపడతాం. సరిసమానమైనా లాభం లేదు, గెలవాలి. వచ్చేది రెడ్‌షా. నాన్న పాత జట్టు.

"ఆ రోజు ఆయన్ని ఇంట్లో పడుకోబెడదామా? జ్వరమని చెబుదాం" అన్నాను.

"హిండిల్ గారు జ్వరం చూడ్డానికి వైద్యుణ్ణి పంపిస్తాడు" అంది అమ్మ. "సెత్ పక్కనే ఉంటాడుగా."

ఆ రోజు ఊరు ఊరంతా మైదానంలోనే ఉంది. ఎండ కూడా కాసింది. మొదటి సగం అయిపోవస్తుండగా మాకు మైదానం మూల నుంచి బంతి తన్నే కార్నర్ దొరికింది. ఎత్తుగా వచ్చిన బంతికి సెత్ ఎగిరాడు, నుదుటితో కొట్టాడు, గోల్! కెజయా నన్ను వాటేసుకుని నా టోపీ పాడుచేసింది. అమ్మ ఏడ్చేసింది. ఎదురుగా నాన్న కుర్రాడిలా గెంతుతున్నాడు. మా బతుకు బాగుపడిందనుకున్నాను, నిజం చెబుతున్నాను, ఆ కాసేపూ అలాగే అనుకున్నాను.

కింద పడ్డ సెత్ లేచేసరికి కనుబొమ మీద నెత్తురు. బంతి లేసు కోసేసింది. సగం ఆటకి విజిల్ పడగానే ఒకడు వచ్చి సెత్‌ని పట్టుకుని, కుట్టు వేయించడానికి అందరికంటే ముందు లోపలికి తీసుకెళ్లిపోయాడు.

జనం కూర్చునే స్టాండు కింద ఒక సందు ఉంది. లోపలికి వెళ్లాక మావాళ్ల గది కుడి పక్క, వచ్చినవాళ్ల గది ఎడం పక్క. నీలం చొక్కాల మావాళ్లు వెళ్లిపోయారు. నాన్న సందు మొదట్లో నిలబడే ఉన్నాడు, ఎవరి కోసమో చూస్తున్నట్టు. ఆ వెనక ఎర్ర చారల చొక్కాలు వచ్చాయి. రెడ్‌షా వాళ్లు. నాన్న మొహం విప్పారింది. ఒక కుర్రాడి భుజం మీద చెయ్యి వేసి, వాళ్లలో కలిసి నడిచి, ఎడం పక్కకి తిరిగాడు.

మాకూ ఆ సందుకీ మధ్య మైదానమంత దూరం. అరిస్తే నా పక్కవాళ్లకే వినబడదు. కానీ సగం ఆటలో టీ ఇచ్చే పని కెజయాది. అప్పటికే పరిగెత్తి సందు దగ్గరికి చేరి, కెటిల్ పట్టుకుని నిలబడి ఉంది. నేను కటకటాలెక్కి శాలువా ఊపాను. ఆవిడ చూసింది. పెదవులు సాగదీసి పలికాను. 'నాన్న. చారల వాళ్ల గదిలో. లాక్కురా.'

ఆ పలుకులు నా పక్కనున్న ఆడవాళ్లందరూ చదివారు. ఎవరూ కిక్కురుమనలేదు.

తరవాత కెజయా చెప్పింది. వెళ్లి తలుపు బాదిందట. "ఆగమ్మా, బట్టలు మార్చుకుంటున్నాం" అని లోపల్నుంచి అరిచారట. "మీ బట్టలు తగలెయ్య! ముగ్గురు మగపిల్లల్ని కడిగి పెంచినదాన్ని, మీ దగ్గర నేను చూడనిదేముంది? తియ్యండి తలుపు!" అందట. తీసేసరికి ఆలస్యమైంది. నాన్న ఒక బూటు లేసు విప్పుకుని, సగం ఆటలో ఆటగాళ్లకిచ్చే నిమ్మచెక్క చేతిలో పట్టుకుని, హాయిగా బయటికి వచ్చాడట. "ఏం కెజయా, బావున్నావా?" అన్నాడట. పైన స్టాండు మెట్ల మీద హిండిల్ గారు నిలబడి అంతా చూస్తున్నాడు.

రెండో సగంలో రెడ్‌షా వాళ్లు మా ఎడం పక్క నుంచే వచ్చారు. మొదట్లో అటు వెళ్లడానికి మొహమాటపడుతున్నట్టు కనబడ్డారు. తరవాత ఆ మొహమాటం పోయింది. ఆ పక్క కాపు కాసే మా ఎడం బ్యాక్ నోవాకి మోకాలు ఎప్పుడో పాడైంది. లోపలి వైపు తిరగలేడు. ఆ సంగతి బయటికి పొక్కకుండా నాన్నే రోజూ స్వయంగా కట్టు కట్టేవాడు. వాళ్లు అటు నుంచి ఒక గోల్ వేశారు, ఇంకోటి వేశారు. సెత్ నుదుటి కట్టు ఊడిపోయి నెత్తురు కారుతుంటే చివరిదాకా ఎగురుతూనే ఉన్నాడు. ఆఖరి విజిల్ పడింది. మేం అడుగునే మిగిలాం.

సాయంత్రం తలుపు చప్పుడైతే అమ్మా నేనూ వెళ్లాం. గుమ్మంలో ఏమస్ టాటర్సాల్, టోపీ చేత్తో నలుపుతూ. నాన్నతో కలిసి ఆడినవాడు, ఇప్పుడు రెడ్‌షా కుర్రాళ్లకి తర్ఫీదు ఇస్తున్నాడు.

"రైలుకి టైమవుతోంది. చెప్పకుండా పోలేకపోయాను డోర్కస్" అన్నాడు. "వాడొచ్చి నా పక్కన కూర్చున్నాడు. వెనకటికి ఎలా కూర్చునేవాడో అలాగే, తలుపు పక్కన మేకు కింద. బూటు విప్పుతున్నాడు. కుర్రాళ్లు నవ్వబోతే నేను కళ్లెర్రజేశాను. అప్పుడన్నాడు. 'ఒరే ఏమస్, అవతలోళ్ల ఎడం బ్యాక్ మోకాలు పోయింది. లోపలికి తిరగలేడు. అటేపు నుంచే పోండ్రా' అని. ఎంత సంబరంగా చెప్పాడనుకున్నావ్."

"మీరేం చేశారు?" అంది అమ్మ.

"విన్నది మర్చిపోండ్రా అన్నాను. ఒట్టు కూడా వేయించాను, నమ్ము. కానీ ఒకసారి చెవిన పడ్డాక ఎలా మర్చిపోతారు డోర్కస్? వాళ్ల కాళ్లే అటు పోయాయి."

"మర్చిపోవడం చేతనైనవాడు మా ఇంట్లో ఒక్కడే ఉన్నాడు" అంది అమ్మ.

లోపల్నుంచి చెప్పుల చప్పుడు. "ఎవరే అది? ఏమసా?" నాన్న వచ్చి ఆయన రెండు భుజాలూ పట్టుకుని కుదిపేశాడు. "గెలిచాం కదరా! ఏం ఆట రా!"

ఏమస్ నాన్న చేతులు పట్టుకున్నాడు. "గెలిచాం ఈనాక్. గెలిచాం" అన్నాడు. టోపీ పెట్టుకోకుండానే వెళ్లిపోయాడు.

సోమవారం హిండిల్ గారు వచ్చాడు. లోపలికి రమ్మంటే రాలేదు, గుమ్మంలోనే నిలబడ్డాడు. నాన్న పెరట్లో ఉన్నాడు.

"ఆడవాళ్లతో ఈ మాట అనాల్సి రావడం నాకు బాధగానే ఉందమ్మా. ఆ రోజు ఆయన వాళ్ల గదిలోకి వెళ్లడం నేను కళ్లారా చూశాను. ఊళ్లో మగవాళ్లందరూ ఒకటే అంటున్నారు, పాత జట్టుకి అమ్ముడుపోయాడని. కాదంటే ఎందుకు వెళ్లాడో చెప్పండి, వింటాను."

అమ్మ నోరు తెరిచింది. నేను ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. చెబితే దొంగ అన్న పేరు పోతుంది. మతి పోయిన మనిషన్న పేరు వస్తుంది. ఆ పేరు వచ్చిన మా వీధి దర్జీని కిందటేడు బండి వచ్చి కొండ మీది పిచ్చాసుపత్రికి తీసుకెళ్లింది. మళ్లీ ఎవరూ అతన్ని చూడలేదు.

"చెప్పడానికేమీ లేదండీ" అంది అమ్మ.

ఆయన తల ఊపి, నెలాఖరుకి ఇల్లు ఖాళీ చేయమని చెప్పి వెళ్లాడు. పదేళ్లప్పుడు వేసుకున్న ఒట్టు తప్పని మా నాన్న అలా ద్రోహి అయ్యాడు. వెళ్లి వీధి మధ్యలో నిలబడి అందరి మొహం మీదా నిజం కక్కేయాలనిపించింది. కక్కలేను, మింగలేను.

'మా ఇళ్లలో మగాళ్లకి చెప్పెయ్యమా?' అని మగ్గాల మధ్య అడిగింది కెజయా. మిగతావాళ్లు కూడా నా వైపే చూస్తున్నారు.

'వద్దు' అన్నాను. అమ్మ అదే చెప్పమంది.

కెజయా తన ఇంటి మేడ మీద రెండు గదులు మాకిచ్చింది. సామాను తోపుడుబండిలో తీసుకెళుతుంటే ఎవడో నాన్న బూటు మీద ఉమ్మాడు. నాన్న అభిమాని అనుకుని వాడికి చెయ్యి అందించాడు. వాడు బిత్తరపోయి చెయ్యి కలిపాడు కూడా. సెత్ వాడి మీదికి దూకబోతే అమ్మ ఆపింది.

సెత్‌కి ఏ మచ్చా అంటలేదు. నెత్తురోడుతూ ఆడాడు కదా, ఊరు నెత్తిన పెట్టుకుంది. కొత్త మేనేజర్ అతన్నే కెప్టెన్ చేశాడు. మిగతా జట్ల పెద్దలు జాలిపడి మావాళ్లని లీగులో ఉండనిచ్చారు. ఎవరి దయ వాళ్లకి దొరికింది.

బంతి, తాడూ కూడా కెజయా ఇంటికి వచ్చాయి. బట్టలుతికే కొట్టులో దూలానికి సెత్ కట్టాడు. వద్దని నేను ఒకసారి అన్నాను. "పెద్దాయన రోజంతా గోడ వంక చూస్తూ కూర్చుంటున్నాడు సెలీనా. అక్కడే కదా ఆయన ఆయనలా ఉండేది" అన్నాడు. జూలైకల్లా నాన్నకి నేనెవరో కూడా తెలియడం మానేసింది. అమ్మని 'చెల్లెమ్మా' అని మర్యాదగా పిలిచేవాడు. పొద్దున కొట్టులో బంతి ముందు నిలబడితే మాత్రం వెన్ను నిటారయ్యేది. "మెడ బిగించరా. కళ్లు మూయకు." ఇంటిల్లిపాదికీ ఆ మాటలు వినబడేవి. తరవాత ధబ్, ధబ్.

సెప్టెంబరు వచ్చింది. పెళ్లి కబురు చర్చిలో మూడు ఆదివారాలు చదవాలి, మాది అప్పటికి రెండు ఆదివారాలు చదివారు. ఇక మూడోసారి చదవడమే మిగిలింది. ఎవరికైనా అభ్యంతరముంటే ఇప్పుడే చెప్పండి అని పాదిరి అడుగుతాడు, ఎవరూ లేవరు, ఆ వారం పెళ్లయిపోతుంది. ఆ మూడో ఆదివారానికి ముందు రోజు, శనివారం, మా మైదానంలోనే ఆట. పొద్దుటి నుంచీ ఒకటే వాన. మావాళ్లు గెలిచారు. సెత్ రెండు గోల్స్ పడకుండా ఆపాడు, రెండూ తలతోనే. నేను చూశాను. ప్రతిసారీ పళ్లు బిగపట్టుకునే చూశాను.

ఇంటికొచ్చేసరికి నుదుటి మీద లేసు అచ్చు నల్లగా కమిలి ఉంది. కెజయా బంగాళాదుంపలు కూరిన రొట్టె చేసింది. సెత్ ముట్టలేదు. నాన్న పక్క కుర్చీలో కూర్చుని కళ్లు నులుముకున్నాడు.

"సెలీనా, ఆ తెర కొంచెం లాగుతావా? వెలుతురు గుచ్చుకుంటోంది" అన్నాడు.

నాన్న అతని మోకాలు తట్టాడు. "మంచి తలరా నీది" అన్నాడు, ఎవరో కొత్త కుర్రాణ్ణి మెచ్చుకున్నట్టు.

అమ్మ పొయ్యి దగ్గర ఉంది. చెయ్యి అప్పటికే అలమారలో సీసా మీద ఉంది. ఆ ఇద్దరి తలల మీదుగా నా వైపు చూసింది. షెడ్డులో మాట్లాడినట్టు పెదవులు సాగదీసి, చప్పుడు లేకుండా మాట్లాడింది.

'రేపు చర్చిలో ఉందిగా. వద్దను. రేపు లేచి వద్దను.'

నేను కదల్లేదు. మళ్లీ అంది. 'నా బతుకు చూశావుగా. సెలీనా, నా వైపు చూడు.'

చూశాను. అక్షరం పొల్లుపోకుండా చదివాను. ఆవిడ చెప్పిందంతా నిజమని కూడా నాకు తెలుసు. కుర్చీలో కళ్లు మూసుకుని కూర్చున్న సెత్‌ని చూశాను. నాకు అతనంటే ప్రాణం. ఇంకెవరూ లేరు, ఇంకెవరూ అక్కర్లేదు కూడా.

కిటికీ దగ్గరికి వెళ్లాను. అతనడిగింది కొంచెం. నేను తెరని చివరికంటా లాగేశాను. గదిలో ఇక ఎవరి పెదవులూ ఎవరికీ కనబడలేదు. ఆ తరవాత చీకట్లో సీసా బిరడా ఊడిన చప్పుడైంది, వెనిగర్ వాసన వచ్చింది. నేను నా బూట్లు విప్పుకున్నాను.